బోరు కావాలని రాసిన అర్జీ

(శ్రీకాకుళంలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులతో మాట్లాడినప్పటి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? వినిపించనివాళ్ళు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు కాబట్టి అందరికీ వినిపిస్తున్నట్టే. (నవ్వులు)

నన్ను పిలవడానికి ఇంటికొచ్చిన మీ మాస్టారు ఒక మాటన్నారు. "సార్, మా పిల్లలు మహా చురుకు. పొద్దున సమస్య ఇస్తే సాయంత్రానికి సొల్యూషన్ పట్టుకొచ్చేస్తారు" అని. ఆయన గర్వంగానే చెప్పారు. నాకు మాత్రం గుండె గుభేలుమంది. ఒకప్పుడు నేనూ అలాంటి చురుకైన కుర్రాణ్ణే. ఆ చురుకుతో, సర్కారు డబ్బుతో, ఒక ఊళ్ళో గేదెలు కడుక్కోవడానికి బోరు వేయించాను. ఇవాళ ఆ కథ చెప్పడానికే వచ్చాను. మిగతా ప్రసంగమంతా దాని తోక.

పల్లెలకి మంచినీళ్ళిచ్చే పనిలో ముప్పై ఏళ్ళకి పైగా ఉన్నాను. ఇది చేరిన కొత్తలో సంగతి. 1988 ఎండాకాలం. వంశధారకి అవతల ఒక ఊరు, పేరెందుకులెండి, అక్కడి నుంచి అర్జీ వచ్చింది. అప్పటి అర్జీల భాష మీరు చూసుండరు. "మా గ్రామమునందు త్రాగునీటికి మిక్కిలి ఇబ్బందిగా యున్నందున ఒక బోరు మంజూరు చేయించ ప్రార్థన." కింద నాలుగు సంతకాలు, ఓ పాతిక వేలిముద్రలు.

జీపేసుకుని వెళ్ళాను. ఊళ్ళోకి చేరేసరికి పదకొండున్నర. ప్రెసిడెంటు గారు అరుగు మీద కూర్చోబెట్టి కొబ్బరి బొండాం కొట్టించి ఇచ్చారు. "నీళ్ళకి ఇబ్బందేనా?" అన్నాను. "ఇబ్బందే బాబూ" అన్నారు. "బోరేస్తే సరిపోతుందా?" అన్నాను. "అంతకంటేనా" అన్నారు. నా అధ్యయనం అక్కడితో అయిపోయింది. బొండాంలో లేత కొబ్బరి గీక్కుని తినేలోపు మొత్తం పూర్తి చేశాను.

రిగ్గు వచ్చింది. రాయి తగిలింది, రాయి పగిలింది, నీళ్ళు పైకెగిశాయి. పిల్లలు తడిసి గంతులేశారు. ఇండియా మార్క్-2 చేతిపంపు బిగించాం. మన పల్లెల్లో దాన్ని బోరింగు అంటారు. సీసాలో నీళ్ళు పట్టి ల్యాబుకి పంపితే తాగడానికి పనికొస్తాయని రిపోర్టు వచ్చింది. పంపుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నా సర్వీసులో అంత చకచకా అయిన పని ఇంకోటి లేదు.

రెండు నెలల తర్వాత వేరే పని మీద ఆ దారిన పోతూ, చూసొద్దామని ఆగాను. నా బోరింగు దగ్గర ఒక కుర్రాడు గేదెని కడుగుతున్నాడు. రెండోది పక్కన బురదలో పడుకుని తన వంతు కోసం చూస్తోంది. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం బిందెలు చంకనెట్టుకుని పాత నూతి దగ్గరే ఉన్నారు. నాకు కోపమొచ్చింది. జనానికి మంచి చేసినా అక్కర్లేదు అనుకున్నాను. ఉద్యోగంలో చేరిన ప్రతివాడికీ ఏడాదిలోపు ఆ ఆలోచన ఒకసారి వస్తుంది. రాకపోతే వాడు మహానుభావుడు.

నూతి దగ్గర ఒక ముసలమ్మని అడిగాను, బోరింగు ఉండగా ఇక్కడికెందుకొచ్చారని. ఆమె నా మొహం కేసి చూసి ఇలా అంది: "ఏటి బాబూ, ఆ నీళ్ళతో పప్పుడుకుతాదేటి? పొద్దున్న పొయ్యెక్కిత్తే మద్దేనానికీ గింజ గింజలాగే ఉంటాది. సబ్బేత్తే నురగ రాదు. గేదెలకైతే మంచిదే."

"మరి ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"నువ్వడిగినావేటి? వొచ్చినావు, పెసిడెంటుగోరితో మాటాడినావు, ఎల్లిపోనావు. మాం అప్పుడు సేలోనున్నాం."

ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పాను. ఆవిడ నవ్వి, నీళ్ళు మారితే పప్పు మారుతుందని కూడా నీకు చదువులో చెప్పలేదా అంది. చెప్పారు. కఠిన జలం అని పాఠం ఉంది, పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి పప్పుగింజ కణాల గోడల్లో పెక్టిన్‌తో ముడిపడిపోతాయి, గింజ మెత్తబడదు. సబ్బుతో కలిస్తే తెట్టు కడుతుంది, నురగ రాదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసిన సంగతి నా బుర్రలో ఒక అరలో ఉంది, కందిపప్పు ఇంకో అరలో ఉంది. రెండూ కలుసుకోలేదు.

రిపోర్టు తప్పా అంటే తప్పు కాదు. మన మంచినీటి ప్రమాణాల ప్రకారం వేరే నీరు దొరకని చోట కఠినత్వం లీటరుకి 600 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. నా నీళ్ళు దానికి లోపలే ఉన్నాయి. తాగితే ఏమీ కాదు. పప్పు సంగతి ఆ ఫారంలో లేదు, అంతే. మంచినీళ్ళు అని మన భాషలో ఒక మాట ఉంది, దాని పక్కన వాడుక నీళ్ళు అని ఇంకోటుంది. నాకు మంచినీళ్ళంటే తాగినా జబ్బు చేయని నీళ్ళు. ఆ ముసలమ్మకి మంచినీళ్ళంటే పప్పుడికే నీళ్ళు. ఒకే మాట వాడుతూ ఇద్దరం రెండు వేరే సంగతులు మాట్లాడుకున్నాం. అసలు మాట్లాడుకోనే లేదు, అది వేరే విషయం.

ఇప్పుడు ఆ అర్జీ దగ్గరికి మళ్ళీ వద్దాం. "ఒక బోరు మంజూరు చేయించ ప్రార్థన." ఇది సమస్యా? కాదు. ఇది సమస్య బట్టలేసుకొచ్చిన పరిష్కారం. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ అర్జీ రాసిపెట్టినాయన లోకజ్ఞానం ఉన్న మనిషి. ఆ ఏడాది మా దగ్గర ఉన్నవి బోర్లేనని, నూతుల పూడిక తీయడానికి పైసా లేదని ఆయనకి తెలుసు. లేనిదాన్ని అడగడమెందుకని ఉన్నదాన్ని అడిగాడు. నేను ఉన్నదాన్ని ఇచ్చాను. ఇద్దరం తెలివైనవాళ్ళమే. ఆఫీసుల్లో పని చేయబోయేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. ఏ పథకానికి డబ్బుంటే ఊళ్ళో కష్టం ఆ పథకం ఆకారంలోకి మారిపోయి మీ టేబుల్ మీదికి వస్తుంది. కంపెనీల్లోనూ అంతే. "మాకు యాప్ కావాలి" అని వస్తారు. యాప్ లేకపోవడం జబ్బు కాదు కదా. యాప్ లేక ఇవాళ ఏం ఆగిపోయింది, ఎవరికి ఆగిపోయింది అని అడిగి చూడండి. సగం మంది దగ్గర జవాబుండదు. మిగతా సగం మంది చెప్పే జవాబులో యాప్ ఉండదు.

ఆ దెబ్బ తర్వాత నేను నేర్చుకున్న మొదటి విద్య ఇదే. నా ముందు ఎవరు ఏ కాగితం పెట్టినా అందులో పరిష్కారం వాసన వచ్చే మాటలన్నీ పెన్సిల్‌తో కొట్టేసేవాణ్ణి. బోరు, ట్యాంకు, పైపు, మోటారు, అన్నీ. కొట్టేశాక వాక్యంలో ఏం మిగిలిందో చూసేవాణ్ణి. ఒక్కోసారి ఏమీ మిగిలేది కాదు. ఏమీ మిగలకపోతే కాగితం పక్కన పెట్టి ఊరికెళ్ళాల్సిందే.

రెండో విద్య వేళ. నేను పదకొండున్నరకి వెళ్ళానని చెప్పాను కదా. పదకొండున్నరకి ఏ ఊళ్ళోనూ నీళ్ళ సమస్య ఉండదు. తెల్లారుజామున ఉంటుంది. అందుకని ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాను, ముందురోజు రాత్రే. బళ్ళో పడుకుని నాలుగున్నరకి నూతి దగ్గర ఒక రాయి మీద కూర్చున్నాను. నన్ను చూసి మొదట గొంతులు తగ్గించారు, అరగంటకి మర్చిపోయారు. నేను చేసిందల్లా లెక్కపెట్టడం. ఎన్ని బిందెలు, ఎవరివి, చేద ఎంత లోతుకి దిగుతోంది, నీళ్ళు ఏ రంగులో వస్తున్నాయి. మొదటి గంటన్నర నీళ్ళు తేటగా వచ్చాయి. ఆరు దాటాక చేద అడుక్కి తగిలి చప్పుడైంది, నీళ్ళు ఎర్రబడ్డాయి. అప్పటి నుంచి వచ్చినవాళ్ళు బిందె మీద గుడ్డ వేసి వడగట్టుకుంటున్నారు, లేదా ఊట దిగేదాకా కూర్చుంటున్నారు. ఊళ్ళో నీళ్ళ ఇబ్బంది అంటే అదీ. నూతిలో ఊట ఉంది. పూడిక పేరుకుపోయి నిలవ తగ్గిపోయింది. గట్టు ఒక పక్క కూలి వాననీటితో మట్టి లోపలికి దిగుతోంది. మనుషుల్ని దింపి పూడిక తీయించి, గట్టు కట్టిస్తే సరిపోయేది. బోరుకైన ఖర్చులో చిన్న వాటా.

ఇక్కడితో కథ ఆపేస్తే నేను హీరోని. కానీ ఆ ఉదయం నేను ఇంకోటి కూడా చూశాను. బిందెలతో నలుగురు ఆడవాళ్ళు నూతికి కొంచెం దూరంలో నిలబడి ఉన్నారు. వరసలోకి రావడం లేదు. ఎవరైనా తోడినవాళ్ళు దయతలచి వాళ్ళ బిందెల్లోకి పైనుంచి పోస్తే పట్టుకుంటున్నారు. వాళ్ళది ఊరి చివరి వీధి. వాళ్ళు ఆ నూతిలో చేద వేయడానికి లేదు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే వాళ్ళకి పోసేవాళ్ళూ తగ్గుతారు. అప్పుడు నాకు తట్టింది: నా బోరింగు నీళ్ళు నిజంగా తాగుతున్న మనుషులు ఆ ఊళ్ళో ఎవరైనా ఉంటే వాళ్ళే. పప్పుడకకపోయినా ఆ పంపు దగ్గర వాళ్ళని ఆగమనేవాడు లేడు. ఆ పంపునేమో నేను ప్రెసిడెంటు గారి వీధిలో పెట్టాను.

ఒక ఊరు, ఒక అర్జీ, "నీళ్ళ ఇబ్బంది" అని ఒకటే మాట. లోపల రెండు వేరే సమస్యలు. ఒకరికి నూతిలో నిలవ లేదు. ఇంకొకరికి నూతి దగ్గరికి వెళ్ళే దారి లేదు. మొదటిది పలుగూ పారా పట్టుకుంటే తీరుతుంది. రెండోది ఇంజినీరింగు కాదని నేను అప్పట్లో నోట్‌బుక్‌లో కూడా రాయలేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. సమస్యను అర్థం చేసుకోవడం అంటాం కానీ, మన చేతిలో ఉన్న పనిముట్టుకి దొరికేదాన్నే చూసి, మిగతాది కనిపించనట్టు ఉండిపోతాం.

సరే, నా సొద కాసేపు ఆపి, మన జిల్లా పెద్దమనిషి ఒకాయన గురించి చెబుతాను. గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడినాయనగా ఆయన మీ అందరికీ తెలుసు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. పుట్టింది 1863లో, ఇక్కడికి దగ్గర్లోనే, పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో మాస్టారుగా పని చేశారు. కొండల నుంచి సంతకి వచ్చే సవరలనే గిరిజనులు ఆయన కంటపడ్డారు. వాళ్ళకి చదువు చెప్పాలనిపించింది. మనమైతే ఏం చేస్తాం? తెలుగు వాచకాల కట్ట పట్టుకుని కొండెక్కుతాం. పిల్లలు రాకపోతే వీళ్ళకి చదువు మీద శ్రద్ధ లేదని నివేదిక రాస్తాం. ఆయన అలా చేయలేదు. సవర భాషా, తెలుగూ రెండూ వచ్చినాయన్ని ఇంట్లో పెట్టుకుని, తనే ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగారు. జ్వరాలు తగిలాయి, వాటికి క్వినైన్ మింగి మింగి వినికిడి దెబ్బతిందంటారు ఆయన గురించి రాసినవాళ్ళు. సవర పిల్లలకి సవర భాషలోనే పుస్తకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. మొదలుపెట్టినప్పుడు ఆయనకి ముప్పై ఏళ్ళయినా లేవు, వ్యాకరణం చేతికొచ్చేసరికి డెబ్బై దగ్గర పడ్డాయి.

నలభై ఏళ్ళు మీరు కూర్చోలేరు, నాకు తెలుసు. మీ రివ్యూ సోమవారమే. (నవ్వులు) నేను చెప్పేదల్లా ఆయన మొదట చేసిన పని గురించి. చదువు చెప్పబోయి ముందు తనే విద్యార్థి అయ్యారు. వాళ్ళ మాట వాళ్ళ నోట ఎలా వస్తుందో అలాగే రాసుకున్నారు. మనం సర్వే అని వెళ్ళి, అవతలివాళ్ళు చెప్పింది అప్పటికప్పుడే మన భాషలోకి మార్చేసి రాసుకుంటాం. "పప్పుడకదు" అంటే "నీటి నాణ్యత సమస్య" అని రాస్తాం. అలా రాసిన క్షణంలో పప్పు పోయింది, పొయ్యి పోయింది, మధ్యాహ్నం దాకా కూర్చున్న మనిషి పోయింది. ల్యాబుకి పంపితే నాణ్యత బాగానే ఉందని వచ్చేస్తుంది కూడా. అందుకే నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళకి ఒకటే చెప్పేవాణ్ణి: ఎవరేమన్నారో వాళ్ళ మాటల్లోనే రాయండి, యాసతో సహా. శుద్ధి చేసే పని తర్వాత చూద్దాం.

అడిగే పద్ధతి కూడా నేర్చుకోవాల్సిందే. "మీకేం కావాలి?" అని అడక్కండి. ఆ ప్రశ్నకి మనుషులు మీరేం ఇవ్వగలరో ఊహించి జవాబు చెబుతారు. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో చెప్పమ్మా" అనండి. నిన్నటి రోజుకి అబద్ధం ఆడాలంటే కష్టం. మధ్యలో ఎక్కడో "ఆ తర్వాత ఊట దిగేదాకా కూకున్నాం" అని ఒక మాట దొర్లుతుంది. మీక్కావాల్సింది ఆ మాటే. చెప్పేవాళ్ళకి అది సమస్యగా కూడా అనిపించదు, అలవాటైపోయి ఉంటుంది.

నోట్‌బుక్ గురించి అడుగుతారేమో. నేను పేజీని నిలువుగా మూడు భాగాలు చేసేవాణ్ణి. ఒకదాంట్లో కళ్ళారా చూసింది. రెండోదాంట్లో ఎవరో చెప్పింది. మూడోదాంట్లో నేను అనుకుంటున్నది. మొదట్లో నా పేజీల్లో మూడో గడి నిండా రాతలే ఉండేవి, మొదటి గడి ఖాళీ. ఆ ఖాళీ చూస్తే సిగ్గేసేది. ఆ సిగ్గు మంచి గురువు. లెక్కల్లో హంగేరీ దేశస్థుడు జార్జ్ పోల్యా చెప్పిందీ ఇంచుమించు ఇదే. లెక్క చేసే ముందు తెలియనిదేమిటి, ఇచ్చినదేమిటి, షరతేమిటి అని విడదీసుకోమంటాడు. లెక్కల పుస్తకంలో ఆ మూడూ అచ్చేసి ఉంటాయి. ఊళ్ళో మనమే వెతుక్కోవాలి, తేడా అంతే.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతికి వస్తాను. సమస్య ఎక్కడ ఉందో అందరూ చూస్తారు. ఎక్కడ లేదో చూడటం అలవాటు చేసుకోవాలి. 1854లో లండన్‌లో సోహో అనే పేటలో కలరా వచ్చి 600 మందికి పైగా పోయారు. అప్పటి డాక్టర్లు చాలామంది చెడుగాలి వల్ల వస్తుందనేవారు. జాన్ స్నో అనే డాక్టరు నీటి మీద అనుమానంతో ఇల్లిల్లూ తిరిగి, చావులన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక చేతిపంపు చుట్టూ ఉన్నాయని పటం గీశాడు. ఈ కథ మీరు వినే ఉంటారు. నాకు నచ్చేది ఆ పటం కాదు, పటానికి లొంగని మనుషులు. ఆ పంపు పక్కనే ఒక బీరు తయారుచేసే కర్మాగారం ఉంది, డెబ్బై మందికి పైగా పనివాళ్ళు, వాళ్ళలో ఒక్కరూ కలరాతో పోలేదు. ఎందుకని వెళ్ళి అడిగితే, వాళ్ళకి లోపలే సొంత బావి ఉంది, తాగడానికి బీరే ఇస్తారు, వీధి పంపు వైపే పోరు. ఇంకోవైపు మైళ్ళ దూరాన హాంప్‌స్టెడ్‌లో ఒక ముసలావిడ కలరాతో పోయింది. చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. ఆరా తీస్తే, ఆవిడ ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో ఉండేది, ఆ నీళ్ళ రుచి మరిగి రోజూ బండి మీద సీసాలో తెప్పించుకునేది. గాలే కారణమైతే ఈ రెండూ జరక్కూడదు.

ఆ మాట చెప్పాక ఉద్దానం గురించి చెప్పకుండా ఈ జిల్లాలో ఎవరూ మైకు ముందు నుంచి దిగలేరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. మీలో అటునుంచి వచ్చినవాళ్ళు ఉన్నారా? ఆ, ఉన్నారు. మీకు నేను చెప్పేదేముంది. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య పచ్చగా కనిపించే నేల. అక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ. కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అనే ఇంగ్లిష్ మాట చదువురాని ముసలివాళ్ళ నోట కూడా వినిపిస్తుంది. మామూలుగా కిడ్నీలు పాడవడానికి షుగరో బీపీయో కారణమని డాక్టర్లు చెబుతారు. ఇక్కడ ఆ రెండూ లేనివాళ్ళకీ వస్తోంది, తోటల్లో, పొలాల్లో ఒళ్ళొంచి పని చేసేవాళ్ళకి వస్తోంది. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పని చేయడమన్నారు, నొప్పి బిళ్ళలన్నారు, వంశపారంపర్యమన్నారు. ఒక్కటే కారణమని ఇప్పటికీ తేలలేదు. ఇలాంటిదే శ్రీలంకలో వరి రైతులకి, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కోసేవాళ్ళకి వస్తోంది.

నన్ను చాలామంది అడుగుతారు: "సమస్య అర్థమయ్యేదాకా ఆగమంటారు, ఉద్దానంలో ఆగితే మనుషులు పోతారు కదా?" అని. నిజమే. ఆగమని నేననను. డయాలసిస్ కావాల్సినవాడికి ఇవాళే కావాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి, హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో ఉద్దానానికి వెళ్ళాయి. కారణం తేలేదాకా ఆగి ఉంటే ఇవేవీ రావు. స్నో కూడా కలరా క్రిమి ఏదో తెలియకుండానే, ఎవరూ నీళ్ళు కొట్టకుండా బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడి తీయించాడు. జర్మన్ డాక్టరు రాబర్ట్ కోఖ్ ఆ క్రిమిని పట్టుకున్నది దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత. అయితే స్నోలో నిజాయితీ చూడండి. పిడి తీసే సమయానికి జబ్బు అప్పటికే తగ్గుముఖం పట్టిందని ఆయనే రాసుకున్నాడు. చేసిన పనికీ, తెలిసిన సంగతికీ మధ్య గీత చెరపలేదు. నాకు బాధ కలిగించేది ఆ గీత చెరిపేసినప్పుడే. పైపులొచ్చాయి కాబట్టి నీళ్ళే కారణమని ఒకరు తేల్చేస్తారు. అంతటితో ఎండ గురించి, మందుల గురించి అడగడం మానేస్తారు. మంచి పని చేయడం వేరు, ప్రశ్నకి తాళం వేయడం వేరు.

ఇంక మీ ప్రాజెక్టుల దగ్గరికి. లోపలికి వస్తూ పోస్టర్లు చూశాను. నాలుగింట స్మార్ట్ డస్ట్‌బిన్ ఉంది. చెయ్యి దగ్గర పెడితే అల్ట్రాసోనిక్ సెన్సార్ చూసి మూత తెరుచుకుంటుంది, నిండితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. వైరింగ్ శుభ్రంగా ఉంది, అది మెచ్చుకోవాలి. కానీ నాకో సందేహం. మూత చేత్తో తీయలేక ఎవరు ఇబ్బంది పడుతున్నారు? ఆ మెసేజ్ ఎవరి ఫోన్‌కి వెళుతుంది? మీ హాస్టల్ చెత్త ఎత్తే ఆవిడతో మీలో ఎవరైనా మాట్లాడారా? (నిశ్శబ్దం) పోనీ, ఆమె పేరు తెలుసా? ...తెలిసినవాడు ఒకడున్నాడు, బతికించావు బాబూ. ఆవిడ డబ్బా నిండిందో లేదో చూడ్డానికి తిరగక్కర్లేదేమో, పొద్దున్నే వచ్చి ఎలాగూ అన్నీ ఎత్తుతుంది. తడిచెత్తలో పగిలిన గాజుపెంకు చెయ్యి కోస్తోందేమో ఆవిడ బాధ. నాకు తెలియదు. తెలియదు కాబట్టే అడగమంటున్నాను.

ఒక చిన్న సాధన చెబుతాను. ఎక్కడైనా ఒక గంట కూర్చోండి, ఒక్క పరిష్కారం కూడా ఆలోచించకుండా. మొన్న మధ్యాహ్నం మూడింటికి హైవే మీద బస్సు కోసం నిలబడ్డాను. కొత్త బస్సు షెల్టర్, స్టీలు బెంచీలు. ఒక్కరూ అందులో లేరు. ఎనిమిది మంది షెల్టర్ వెనక, మురుక్కాలవ గట్టు మీద నిలబడ్డారు. పక్కాయన్ని అడిగితే "షెల్టర్ చిన్నదండి, సరిపోదు" అన్నాడు. బెంచీలు ఖాళీగా కళ్ళ ముందే ఉన్నాయి. నేను వెళ్ళి లోపల కూర్చున్నాను. రెండు నిమిషాల్లో లేచాను. షెల్టర్ మొహం పడమటికి ఉంది. మూడు దాటిన ఎండ తిన్నగా లోపలికి కొట్టి స్టీలు బెంచీ పెనంలా కాలిపోతోంది. నీడ మొత్తం వెనక్కి పడుతోంది. ఆయన అబద్ధం చెప్పాడా? కాదు. అడిగారు కాబట్టి ఏదో ఒక కారణం చెప్పాడు. ఆయన కాళ్ళు మాత్రం సరైన జవాబు చెప్పాయి. మాట వినండి, కాళ్ళు ఎక్కడున్నాయో కూడా చూడండి.

చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: "సార్, ఆ ఊళ్ళో చివరి వీధి ఏమైంది?")

ఈ ప్రశ్న ఎవరూ అడక్కుండా ఉంటే బాగుండుననుకున్నానమ్మా. అడిగావు, సంతోషం. నూతి పూడిక తర్వాతేడు తీయించగలిగాను, గట్టు కట్టించాను. ఆ వీధికి నేనేమీ చేయలేదు. పంపు అక్కడికి మార్చమని పైకి ఒక కాగితం రాశాను, జవాబు రాలేదు, రెండో కాగితం రాయలేదు. బదిలీ అయిపోయాను. ఈమధ్య ఒక పెళ్ళికి అటు వెళ్ళినప్పుడు చూశాను. ఇప్పుడు ఇంటింటికీ కొళాయి ఉంది. చివరి వీధిలోనూ ఉంది, ప్రతి గుమ్మం ముందూ నీలం పైపు. ఒక కోడలుపిల్ల బిందె పెట్టుకుని కూర్చుంది. నీళ్ళెన్నింటికొస్తాయమ్మా అంటే, "పై ఈదులోళ్ళందరూ పట్టేసుకున్నాక మాకొత్తాయి తాతా" అంది.

పైపు చివర ప్రెషర్ తగ్గడం మామూలే, అక్కడ ఎత్తు ఎక్కువై ఉండొచ్చు, పైపు సన్నం కావచ్చు, పైవాళ్ళు మోటార్లు బిగించి లాగేస్తుండొచ్చు. ఇవన్నీ నా మూడో గడిలో రాతలు. పెళ్ళి భోజనాలకి పిలుస్తున్నారని లేచొచ్చేశాను, చూడలేదు. ఈ ఆదివారం మళ్ళీ వెళదామనుకుంటున్నాను. శనివారం రాత్రికి అక్కడుండాలి, నీళ్ళు నాలుగున్నరకి వదులుతారట. ఒక టేపూ, ప్రెషర్ గేజీ, బిందెలు లెక్కపెట్టడానికి ఇద్దరు మనుషులూ కావాలి. స్మార్ట్ డస్ట్‌బిన్ వాళ్ళలో ఎవరైనా ఖాళీగా ఉన్నారా?